శ్యామలాదేవి పెట్టెల గది

పన్నెండు అయస్కాంతాలు ఉండాలి. పదకొండే ఉన్నాయి.

శ్యామలాదేవి ఇంకోసారి లెక్కపెట్టింది, ఈసారి ఒక్కొక్కదాన్నీ చూపుడువేలితో తాకుతూ. పదకొండే. ఫోమ్ పలకలో పన్నెండో గుంటలోకి ఎవరో పెన్సిలు పొట్టు కుక్కి, దానిమీద నల్ల స్కెచ్‌పెన్ను రుద్ది, దూరం నుంచి చూస్తే అక్కడా ఒక అయస్కాంతం ఉన్నట్టే కనబడేలా చేశారు. పనితనం బాగానే ఉంది. ఆమె కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, ఆ పొట్టును పుల్లతో గుచ్చి తీసింది. వెనిగర్ కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి గుంట తుడిచింది. సొరుగులోంచి కొత్తది తీసి పెట్టింది. జాబితాలో ఆ వస్తువు ఎదురుగా 'ఒకటి తక్కువ. వేశాను' అని రాసి, కింద ఎప్పటిలాగే ఒక్క ఇంగ్లీషు అక్షరంతో సంతకం చేసింది. ఎస్.

ఇరవైమూడో నంబరు పెట్టె అది. లిమరిక్ దగ్గర ఒక బడికి వెళ్ళి నిన్న సాయంత్రం తిరిగొచ్చింది. అంతరిక్షం గురించి పిల్లలు చేతులతో నేర్చుకోవడానికి కావలసినవన్నీ అలాంటి పెట్టెల్లో సర్ది బడులకు అరువిచ్చే పథకం ఒకటుంది. కోకు డబ్బాలో పట్టేటంత ఉపగ్రహం చేసుకోవడానికి తీగలూ బ్యాటరీ బిళ్ళలూ, దాన్ని మేడమీంచి దించడానికి పారాచ్యూట్ గుడ్డ, వెండిరంగు రేకు కాగితం, చిన్న కెమెరా, మోచేతుల దాకా వచ్చే వ్యోమగాముల తొడుగులు ఒక జత, దిక్సూచి, పిడికిలంత ఉల్క ముక్క. మొత్తం నలభై పెట్టెలు. బడికి మూడు వారాలు. వెళ్ళేముందు లెక్క, వచ్చాక లెక్క. పదహారేళ్ళుగా ఆ లెక్క శ్యామలాదేవిది.

డబ్లిన్ శివారు టాలట్‌లో, లువాస్ ట్రామ్ ఆఖరి స్టేషను నుంచి పన్నెండు నిమిషాలు నడిస్తే, టైర్ల షాపు వెనకాల ఉంది ఆ గది. కిటికీ లేదు. పైకప్పులో ఒక గాజు పలక మాత్రం ఉంది. వాన పడితే దానిమీద శనగలు వేయిస్తున్నట్టు చప్పుడు. మూడు గోడలకూ ఇనుప అరలు. నాలుగో గోడకు ఆమె బల్ల, ఎలక్ట్రిక్ కెటిల్, టీ కప్పులుండే చిన్న ప్రెస్. అల్మరాను ఇక్కడివాళ్ళు ప్రెస్ అంటారని ఐర్లండు వచ్చిన కొత్తలో ఆమెకు తెలియదు. 'కప్పులు ప్రెస్‌లో ఉన్నాయి' అని ఎవరో అంటే ఇస్త్రీపెట్టె కోసం వెతికింది.

ఆమె పొట్టి మనిషి. పై అర అందుకోవడానికి మూడు మెట్ల స్టూలు కావాలి. చుడీదారు మీద నీలం కార్డిగన్, నుదుటన మిరియపు గింజంత బొట్టుబిళ్ళ, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. అరవై రెండేళ్ళు. ఈ దేశపు తేమకు వేళ్ళ కణుపులు ఉబ్బాయి. పొద్దున్నే మొదటి పెట్టె గొళ్ళేలు విప్పడానికి అరచేతుల్ని కాసేపు టీ కప్పుకు ఆనించుకోవాలి.

ఆమె సొంతూరు సూళ్ళూరుపేట. నాన్న పున్నయ్య, పులికాట్ సరస్సు మధ్య రోడ్డు మీదుగా శ్రీహరికోటకు ఉద్యోగుల్ని చేరవేసే బస్సు డ్రైవరు. రాకెట్టు ఎగిరే రోజున ఊరంతా మిద్దెలెక్కేది. దూరాన నారింజరంగు వెలుతురు లేచేది, చప్పుడుండేది కాదు. నాన్న ఆమె మణికట్టు పట్టుకుని లెక్కపెట్టించేవాడు. "వెలుతురు ముందొస్తది పాపా. చప్పుడు దాని వెనకాల నడిచొస్తది." యాభై, యాభై అయిదు, యాభై ఎనిమిది. అప్పుడు వంటింటి గిన్నెలు కదిలేవి. మొదటి పెద్ద రాకెట్టు సముద్రంలో పడిపోయిన రోజు నాన్న పొద్దుపోయాక ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం ముందు కూర్చుని, "బస్సు నిండా మనుషులుండారు, ఒక్కరూ నోరు తెరవలా" అన్నాడు. మరుసటి ఏడు రాకెట్టు ఎగిరింది. ఎవరో ఆఫీసరు డ్రైవరు సీటు దాకా వచ్చి నాన్న చేతిలో లడ్డూ పెట్టాడట. ఆయన దాన్ని తినకుండా రుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. అప్పటికే పదిహేడు దాటిన కూతురు అందులో సగం తిని సగం దాచుకుంది.

అంతకు ముందెప్పుడో, ఆమెకు పదకొండేళ్ళప్పుడు, బడికి ప్రదర్శన బస్సు ఒకటి వచ్చింది. లోపల చెక్కతో చేసిన రాకెట్టు, తెల్ల రంగు, పొట్ట దగ్గర కోసి లోపలి భాగాలు చూపించారు. చుట్టూ తాడు. 'ముట్టుకోరాదు' అని బోర్డు. శ్యామల తాడు కిందుగా చెయ్యి పోనిచ్చి రెక్కను ముట్టుకుంది. రంగు చల్లగా తగిలింది. వెంటనే వేళ్ళ మీద స్కేలుతో దెబ్బ పడింది. దెబ్బ మర్చిపోయింది గానీ ఆ చల్లదనం మర్చిపోలేదు. ఆ తర్వాత నెల్లూరులో బీఎస్సీ ఫిజిక్సు చదివింది.

పెళ్ళయి, మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు అయిన భర్త మధుసూదనరావు వెంట ఐర్లండు దక్షిణ తీరాన రింగాస్కిడీ దగ్గరికొచ్చింది. అక్కడ ఆరేళ్ళు ఓడరేవు వైపు చూస్తూ గడిచాయి. టీచరు ఉద్యోగం అడిగితే ప్రైమరీ బడిలో చెప్పాలంటే ఐరిష్ భాష కూడా వచ్చి ఉండాలన్నారు. ఆయనకు డబ్లిన్‌లో పని దొరికాక టాలట్ మారారు. ఆమె ఒక హాస్పిటల్ వంటశాలలో ట్రేలు సర్దే పనిలో చేరింది. ఒకనాడు లైబ్రరీలో నోటీసు చూసింది: పెట్టెలు సర్దడానికి మనిషి కావాలి. ఇంటర్వ్యూలో "మీకు పిల్లలంటే ఇష్టమా?" అని అడిగారు. "ఏమో. లెక్క మాత్రం తప్పను" అంది. ఉద్యోగమిచ్చారు.

చేరిన మొదటి నెలలోనే నలభై మూతల లోపలి వైపూ ఆమె ఒక్కో కాగితం అతికించింది. పైన పెద్దక్షరాలతో 'ప్లీజ్ టచ్'. కింద, ఎవరూ అడగకపోయినా, చిన్నగా తెలుగులో 'ముట్టుకోండి'.

ఆ కింది వరస వల్లనే నోరాతో స్నేహం మొదలైంది.

నోరా పడమటన మేయో తీరంలో, రోడ్డు ఆగిపోయే చోట ఉన్న రెండు గదుల బడిలో టీచరు. ప్రతి వసంతంలో పదిహేడో నంబరు పెట్టె తెప్పించుకునేది; అంత దూరం కాబట్టి ఆ బడికి మాత్రం వేసవి సెలవుల దాకా గడువు. మొదటిసారి పెట్టె తిరిగొచ్చినప్పుడు జాబితా చివర వ్యాఖ్యల గడిలో ఇలా రాసింది: 'మూత లోపల కింది వరసలోని గుండ్రాలు ఏ గ్రహాల కక్ష్యలు? పిల్లలు మూడు రోజులుగా కొట్టుకుంటున్నారు.' మరుసటి ఏడు పెట్టెలో శ్యామలాదేవి చీటీ పెట్టింది: 'కక్ష్యలు కావు. మా భాష.' ఆ ఏడు పెట్టె వచ్చినప్పుడు వ్యాఖ్య: 'అయస్కాంతం ఒకటి తక్కువ. గొర్రె మింగింది. గొర్రె క్షేమం.' చీటీ: 'గొర్రె పక్కన దిక్సూచి పెట్టి చూడండి.' పై ఏడు: 'పెట్టాం. సూది కదిలింది! మా ఊరికి ఇప్పుడు సొంత ఉత్తరధ్రువం ఉంది, గడ్డి తింటోంది.' ఆ రోజు శ్యామలాదేవి ఒక్కతే గదిలో కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

వాళ్ళెప్పుడూ కలుసుకోలేదు. ఏడాదికో చీటీ, ఏడాదికో వ్యాఖ్య. ఆమె ఎన్ అని సంతకం చేసేది, ఈమె ఎస్ అని. 'గమనించారా, నేను ఉత్తరం, మీరు దక్షిణం' అని నోరా రాసినప్పుడు శ్యామలాదేవి చాలాసేపు ఆలోచించి జవాబిచ్చింది: 'మా భాషలో ఉత్తరమంటే జాబు కూడా.' దానికి వచ్చిన వ్యాఖ్య ఒక్కటే మాట: 'మరీ మంచిది.'

తలుపు తట్టిన చప్పుడుకు ఆమె తలెత్తింది. మధులిక. పథకం నడిపే అధికారి; ముప్ఫయ్యేళ్ళు కూడా లేవు. తల్లిదండ్రులది వరంగల్లు, పుట్టి పెరిగింది మెయ్‌నూత్‌లో. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఎక్కువగా ఐరిష్ యాసలో ఇంగ్లీషే.

"హాయ్ ఆంటీ. యూ గ్రాండ్?" బాగున్నారా అని అడగడం ఇక్కడ అలాగే.

"ఏంది మధూ, పొద్దున్నే మొహం అట్ట పెట్టుకోనుండావు?"

మధులిక కూర్చోలేదు. చేతిలో ఒక కాగితముంది. రేపటితో గది లీజు అయిపోతుందని శ్యామలాదేవికి ఏప్రిల్ నుంచీ తెలుసు. పథకమంతా ఇకనుంచి ఆన్‌లైన్: వీడియోలు, తెరమీద నడిపే రోవరు, ఇంట్లో కూర్చుని చంద్రుడి మీద తిరిగి రావచ్చు. ఆమె అవన్నీ చూసింది. బాగున్నాయి. పెట్టె చేరని బడులకు కూడా చేరతాయి. పోయిన వారం యూనివర్సిటీ వాళ్ళొచ్చి పెట్టెల్లోంచి ఉల్క ముక్కలూ కెమెరాలూ తీసుకుపోయారు. అరల మీద మిగిలిన సామానును మధ్యాహ్నం రీసైక్లింగ్ వాళ్ళు పట్టుకుపోతారు. అంతా తెలిసే ఆమె పొద్దున్న ఇరవైమూడో పెట్టెలో కొత్త అయస్కాంతం పెట్టింది.

"లెవెన్ స్కూల్స్‌లో ఇంకా బాక్సెస్ ఉన్నాయి ఆంటీ. కాల్ చేసి వెనక్కి పంపించమనాలి. ఐ కెన్ డూ ఇట్, మీకు కష్టమైతే..."

"తెప్పించి ఏం చేస్తారు?"

మధులిక నేల చూసింది. "సేమ్. రీసైక్లింగ్. బడులకే ఇచ్చేద్దామని నేను అడిగాను, ప్రామిస్. ఇన్సూరెన్స్ అంటారు. ఆన్ పేపర్, ఆల్ బాక్సెస్ మన దగ్గరికి రావాలంట."

"సరే. నేను చేస్తాలే."

ఇన్నేళ్ళలో ఒక్క పెట్టె పోలేదు. తుఫానులో దారి తప్పి వెక్స్‌ఫర్డ్ డిపోలో రెండు నెలలున్న ముప్ఫయ్యో నంబరును కూడా ఫోన్ల మీద ఫోన్లు చేసి వెనక్కి రప్పించింది. బడుల వాళ్ళకు ఆమె గొంతంటే కొంచెం భయం కూడా. "పెట్టెల ఆవిడ" ఫోనంటే స్టాఫ్‌రూముల్లో టీచర్లు బల్లల కింద వెతుక్కునేవారు.

ఆమె టీ చేసుకుని, చేతులు వెచ్చబెట్టుకుని, మొదటి నంబరు నొక్కింది. స్లైగో దగ్గర బడి. టీచరు గొంతు వినగానే కంగారు పడింది. "తెలుసు, తెలుసు, శుక్రవారం పంపాల్సింది. ఒక్క వారం ఆగండి. పిల్లలు డబ్బా ఉపగ్రహాన్ని చర్చి గోపురం మీంచి దించాలని పట్టుబట్టారు. ఫాదర్ కూడా ఒప్పుకున్నారు. గాలి తగ్గడమే ఆలస్యం." వెనకాల పిల్లల గోల. ఎవరో అరుస్తున్నారు, ఇంకెవరో లెక్కపెడుతున్నారు, పది, తొమ్మిది, ఎనిమిది.

శ్యామలాదేవి చెప్పాల్సిన వాక్యం సిద్ధంగా ఉంది. నోటి దాకా వచ్చింది. ఫోను పట్టుకున్న చేతి వేళ్ళు నొప్పెట్టాయి. గాజు పలక మీద వాన మొదలైంది.

"వారం వద్దు," అంది, తన నెల్లూరు ఇంగ్లీషులో.

"అయ్యో, అయితే రేపే..."

"అది కాదు. పంపొద్దు. మీ దగ్గరే ఉంచుకోండి."

"ఎప్పటి దాకా?"

"అరిగిపోయిందాకా."

ఫోను పెట్టేశాక ఆమె తన వేళ్ళ వైపు చూసుకుంది, స్కేలు దెబ్బ తిన్న రోజున చూసుకున్నట్టు. జీవితంలో చెప్పిన పని చెయ్యకుండా ఉండటం ఆమె ఎరగదు. లేచి గదిలో ఒక చుట్టు తిరిగింది. అరల మీద పెట్టెలు మూతలు బిగించుకుని, నంబర్లు బయటికి పెట్టుకుని, రేపు ఎవరో అడగబోతున్నట్టే ఉన్నాయి. వాటికి ఆమె ఏమీ చెయ్యలేదు. బయటున్నవాటికి చెయ్యగలదు. వచ్చి కూర్చుని రెండో నంబరు నొక్కింది.

టిప్పరరీలో ఒక హెడ్‌మాస్టరు నమ్మలేదు. ఇది ఏమైనా పరీక్షా అని అడిగాడు. గాల్వేలో ఒకావిడ, దిక్సూచి పగిలిందని నెలనుంచీ చెప్పలేక దాచిన సంగతి ఒప్పుకుని ఏడ్చినంత పని చేసింది. "పగిలితే పగిలింది. సూదికి దారం కట్టి వేలాడదీయండి, అది కూడా చూపిస్తది" అని శ్యామలాదేవి ఆమెకు పది నిమిషాలు ఎలా కట్టాలో చెప్పింది. అలా చెబుతున్నప్పుడు తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఒక టీచరు గొంతులా ఉంది.

ఒంటిగంటకు డబ్బా విప్పి నిమ్మకాయ అన్నం తిన్నది. రిటైరైనప్పటి నుంచీ వంట మధుసూదనరావుదే. పోపులో వేరుశనగలు ఎప్పుడూ మాడిస్తాడు. రెండింటికి రీసైక్లింగ్ వాళ్ళు ఇద్దరు వచ్చారు. ట్రాలీ మీద ఐదేసి పెట్టెలు ఎత్తి బయటికి తోసుకుపోయారు. ఆమె స్టూలెక్కి పై అర పెట్టెలు తనే అందించింది. వాళ్ళలో పెద్దాయన ఒక మూత తెరిచి చూసి, వ్యోమగామి తొడుగు చేతికి తొడుక్కుని వేళ్ళు ఆడించాడు. తీసెయ్యబోతూ ఆమె వైపు చూశాడు. "మా మనవరాలికి..." అన్నాడు.

"రెండోది అడుగున ఉంది, జతగా తీసుకోండి," అంది ఆమె.

మూడున్నరకు అరలు ఖాళీ అయ్యాయి. ఇనుప అరల మీద పెట్టెలుండిన చోట దుమ్ము లేని చతురస్రాలు మిగిలాయి. జాబితాలో ఒక్క బడే మిగిలింది. పొద్దున్నుంచీ దాన్ని ఆఖరికి ఉంచుకుంది, ఇష్టమైన కూరను అన్నం చివరికి దాచుకున్నట్టు. నోరాతో ఫోనులో ఇప్పటిదాకా ఒక్కసారే మాట్లాడింది, అదీ కొరియర్ గురించి రెండు నిమిషాలు. ఈసారి కాసేపు మాట్లాడాలనుకుంది. గొర్రె ఇంకా ఉందా అని అడగాలి.

ఎత్తింది ఎవరో చిన్న వయసు గొంతు. కీవా అని పేరు చెప్పింది. ఈస్టరు తర్వాత ఈ బడిలో చేరానంది.

"నోరా టీచరు ఉన్నారా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు.

"మీకు ఎవరూ చెప్పలేదా? నోరా మార్చిలో పోయారు. నిద్రలోనే. ఆదివారం. శుక్రవారం దాకా బడికి వచ్చారు. పిల్లలు... బాగానే ఉన్నారు, గ్రాండ్. మీరు బంధువులా?"

"కాదు," అంది శ్యామలాదేవి. "టాలట్ నుంచి. పెట్టెల గది."

"ఓ," అంది కీవా. మళ్ళీ, మెల్లగా, "ఓ. మీరు ఎస్."

శ్యామలాదేవి ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. కీవానే మాట్లాడింది. పెట్టె ఇంకా క్లాసులోనే ఉందట, ఫిబ్రవరిలో నోరా తెరిచినప్పటి నుంచీ. తిరిగి పంపాలని ఎవరికీ తోచలేదు, క్షమించమంది. మొన్న వర్షం ఆగిన పూట పిల్లలు దాన్ని బయటికి మోసుకెళ్ళి సగం రోజు ఆడారట. పంపమంటే రేపే పంపుతానంది.

"వద్దమ్మా," అంది తెలుగులో. సర్దుకుని ఇంగ్లీషులో చెప్పింది. "వద్దు. అది అక్కడిదే."

"మరి మీ లెక్కల్లో?"

"లెక్క నేను చూసుకుంటా."

పదిహేడో నంబరు పెట్టె అవునో కాదో ఒక ఫొటో పంపుతాను, నంబరు చీటీ సగం ఊడిపోయింది, మీరే చూసి చెప్పండి అంది కీవా. సరేనంది. ఫోను పెట్టేసి, కెటిల్‌లో మిగిలిన నీళ్ళు సింకులో పోసింది. కప్పులు కడిగి బోర్లించింది. చెంపలు తుడుచుకోవడానికి వెనిగర్ గుడ్డ చేతికొస్తే, దాన్ని పక్కనపెట్టి కార్డిగన్ చేతితో తుడుచుకుంది.

నాలుగింటికి మధులిక వచ్చింది. ఖాళీ గది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. శ్యామలాదేవి తాళంచెవి, జాబితా రెండూ ఆమె చేతిలో పెట్టింది.

"పదకొండు పెట్టెలూ రావు మధూ. పోయాయని రాసుకో."

"పోయాయా? ఆల్ లెవెన్?" మధులిక కాగితం చూసింది, ఆమె మొహం చూసింది. "ఆంటీ, మీరు ఎప్పుడూ ఒక్క బాక్స్ కూడా..."

"ఇప్పుడు పోగొట్టినా. ఎవరన్నా అడిగితే ముసలిదాని చేతకానితనం అని చెప్పు. నీ మీద పెట్టుకోబాక."

మధులిక పెన్ను తీసింది. పదకొండు గళ్ళలోనూ వరసగా ఒకే మాట రాసింది, తొందరపడకుండా, అక్షరాలు గుండ్రంగా. కింద తన పేరుతోనే సంతకం చేసింది. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ముసలిదాని చేతకానితనం నేను రాయను ఆంటీ," అంది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల నోట పూర్తి తెలుగు వాక్యం శ్యామలాదేవి వినడం అదే మొదలు.

ఇద్దరూ బయటికొచ్చారు. మధులిక కారులో దింపుతానంది. నడుస్తానంది శ్యామలాదేవి. టైర్ల షాపతను ఎప్పట్లా చెయ్యూపాడు. రేపు రానని అతనికి ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు, చెయ్యూపింది. వాన వెలిసింది. రోడ్డు మీద నీళ్ళు మెరుస్తున్నాయి. స్టేషనులో లువాస్ తలుపులు తెరుచుకుని ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ చేతుల్ని దానిమీద పెట్టుకుంది.

ట్రామ్ కదలబోతుండగా ఫోను మోగింది. కీవా పంపిన ఫొటో. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా పట్టుకుని చూసింది. ఎర్ర గచ్చు నేల మీద పెట్టె. చిరిగిన చీటీ మీద ఒకటి ఉంది, పక్కన ఏడులో సగముంది. పదిహేడే. అవునని రాసి పంపింది. పంపాక కూడా ఫొటో మూయలేదు. రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసి, పెట్టె వెనకాల గోడవారకు జరిపింది. ఫొటో అడుగున కీవా ఒక మాట రాసింది: 'నోరావి. వీటిని తియ్యనివ్వడం లేదు పిల్లలు.'

గోడవారగా, కోట్లు తగిలించే కొక్కేల కింద, ఒక జత పెద్ద ఆకుపచ్చ రబ్బరు బూట్లున్నాయి. మడమల దగ్గర మార్చి నెల బురద ఎండి తెల్లబడింది, కుడి బూటు పైఅంచు కొంచెం లోపలికి వంగి, ఇప్పుడే ఎవరో కాలు బయటికి తీసినట్టు ఉంది.